నిలువు బొమ్మ, అడ్డం ప్రొజెక్టర్

విశాఖలో డాన్స్ స్కూలు వార్షికోత్సవమైనా, నాటక పోటీలైనా, కూచిపూడి నృత్యరూపకమైనా ఇప్పుడు వెనక తెర మీద ఏదో ఒక బొమ్మ పడాల్సిందే. ఆ బొమ్మలు ఎక్కువగా ఫోన్లలోంచి వస్తున్నాయి, అందుకే నిలువుగా వస్తున్నాయి. పిల్లల రీల్స్, గురువుగారి నిలువెత్తు ఫొటో, అమ్మవారి అలంకారం, ధ్వజస్తంభం, గాలిగోపురం. ప్రొజెక్టర్ మాత్రం అడ్డంగానే వేస్తుంది. "దాన్ని పక్కకు తిప్పి నిలబెట్టేస్తే అయిపోతుంది కదండీ" అని నిర్వాహకులు అడుగుతారు. కొన్నిసార్లు నిజంగానే అయిపోతుంది. కొన్నిసార్లు లాంప్ పోతుంది. చాలాసార్లు అసలు తిప్పే అవసరమే ఉండదు. మన ప్రదర్శన ఈ మూడింటిలో ఏ కోవలోకి వస్తుందో చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. హైస్కూలు లెక్కలు చాలు.

లెక్కకు ఒక ఉదాహరణ కావాలి కాబట్టి ప్రహ్లాద కథ తీసుకుందాం. సింహాచలం కొండెక్కి కప్ప స్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకునే ఊరు మనది, స్తంభం పేలవంగా కనిపిస్తే ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. వేదిక మధ్యలో 9 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు ఉన్న తెల్లని తెర వేలాడదీశాం. దాని మీద స్తంభం కనిపించాలి, పగుళ్లు రావాలి, బద్దలవ్వాలి. చేతిలో 5000 ల్యూమెన్స్ (అది వేసే మొత్తం కాంతికి కొలత) ప్రొజెక్టర్ ఒకటి ఉంది. లోపల బొమ్మను తయారుచేసే చిప్ 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లది.

ప్రొజెక్టర్‌ను మామూలుగానే అడ్డంగా ఉంచి ఈ తెర నింపాలంటే బొమ్మ ఎత్తు 16 అడుగులు రావాలి. అప్పుడు ప్రొజెక్టర్ వేసే మొత్తం చట్రం వెడల్పు 28 అడుగుల పైచిలుకు అవుతుంది. అందులో మనకు పనికొచ్చేది మధ్యలోని 9 అడుగులే. పిక్సెళ్లలో చెప్పాలంటే 1920లో సుమారు 608 మాత్రమే. రెండు పక్కలా మిగిలినదంతా నల్ల పట్టీ. పిక్సెళ్లతో పాటు కాంతి కూడా అదే నిష్పత్తిలో పోతుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. నల్లగా ఉన్న చోట ప్రొజెక్టర్ కాంతిని లోపలే ఆపేస్తుంది తప్ప, తీసుకొచ్చి స్తంభానికి కలపదు. ఇరవై మందికి వండి ఆరుగురికి వడ్డించినట్టు, మొత్తం వెలుగులో 32 శాతం లోపే తెర మీదికి చేరుతుంది.

అంకెల్లో తేడా ఇలా ఉంటుంది. 5000 ల్యూమెన్స్‌ను 28 × 16 అడుగుల చట్రం మీద పరిస్తే చదరపు అడుగుకు 11 ల్యూమెన్స్ వస్తాయి. అదే ప్రొజెక్టర్‌ను పక్కకు తిప్పి సరిగ్గా 9 × 16 మీదే పరిస్తే 35 వరకు వస్తాయి. మామూలు తెల్ల తెర మీద ఈ అంకెలను దాదాపు, తెర నుంచి కంటికి తిరిగొచ్చే వెలుగును కొలిచే ఫుట్‌లాంబర్ట్‌లుగానే లెక్క వేసుకోవచ్చు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం, దీపాలన్నీ ఆర్పేసిన సినిమా హాల్లో తెర వెలుగు 14 ఫుట్‌లాంబర్ట్‌లు ఉండాలి. మన 11 అంతకంటే తక్కువ. పైగా మనది సినిమా హాలు కాదు. నర్తకి ముఖం మీద, చేతుల మీద, అభినయం మీద లైట్లు ఉండి తీరాలి. ఆ లైట్లలో కొంత తెర మీదికి పాకుతుంది. 11 దగ్గర ఉన్న బొమ్మ ఆ పాకుడుకే కొట్టుకుపోతుంది. 35 అయితే లైటింగ్ చేసేవాళ్లు కాస్త సహకరిస్తే నిలబడుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కాలేజీల్లో, ఆఫీసుల్లో మూలన పడి ఉండే పాత 4:3 (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) ప్రొజెక్టర్లు ఈ పనికి కొత్తవాటికంటే తక్కువ వృథా చేస్తాయి. చిప్ ఆకారం చతురస్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తిప్పకుండానే 42 శాతం కాంతి నిలువు బొమ్మకు దక్కుతుంది. చిప్ 1024 × 768 అయితే పిక్సెళ్లు మాత్రం 432 × 768కి పడిపోతాయి. స్తంభం రాతి గరుకుకు అది చాలు, అక్షరాలకు చాలదు.

తిప్పితే మూడు రెట్లు లాభం. మరి అందరూ ఎందుకు తిప్పరు?

మొదటి అడ్డు లాంప్. మామూలు లాంప్ ప్రొజెక్టర్లలో ఉండేది పాదరసపు ఆవిరి బల్బు. చిన్న క్వార్ట్జ్ గుళిక లోపల మిల్లీమీటరు దూరంలో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య మండే ఆర్క్, బయటి గాలికి దాదాపు 200 రెట్ల పీడనం. ఆర్క్ వేడికి వాయువు పైకి లేస్తుంది, అందుకే గుళిక పైభాగం ఎక్కువ కాలుతుంది. తయారీదారులు ఫ్యాన్ గాలిని సరిగ్గా ఆ పైభాగానికి తగిలేలా పెడతారు. ప్రొజెక్టర్‌ను పక్కకు దొర్లిస్తే 'పైభాగం' మారిపోతుంది, గాలి మాత్రం పాత చోటికే కొడుతుంది. క్వార్ట్జ్ తెల్లబడి, బలహీనపడి, ఎప్పుడో ఒకసారి టప్‌మని పేలుతుంది. అది ఇవాళే జరగాలని లేదు. అద్దెకు తీసుకున్నవాళ్ల షో గడిచిపోతుంది, రెండు వారాల తర్వాత ఇంకొకరి పెళ్లిలో పేలుతుంది. అందుకే "మేం తిప్పాం, ఏమీ కాలేదు" అన్న సాక్ష్యాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మాన్యువల్‌లో పక్కకు వాల్చడానికి ఇచ్చిన పరిమితి చూడండి. లాంప్ మోడళ్లలో అది తరచూ 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

లేజర్ ప్రొజెక్టర్లలో ఆ గుళిక లేదు, ఆర్క్ లేదు. చాలా మోడళ్లు ఏ కోణంలోనైనా పెట్టుకోవచ్చని తయారీదారులే రాస్తారు. అద్దెకు అడిగేటప్పుడు ల్యూమెన్స్ కంటే ముందు "లేజరా, లాంపా" అని అడగడం మంచిది. లేజర్ అయినా ఏ పక్క కిందికి ఉండాలో చూసుకోవాలి. వేడిగాలి బయటికొచ్చే జాలీ నేల వైపు ఉంటే ఆ గాలే పైకి లేచి మళ్లీ లోపలికి పోతుంది. కాసేపటికి టెంపరేచర్ వార్నింగ్ వచ్చి, సరిగ్గా హిరణ్యకశిపుడు గద ఎత్తే వేళకు తెర నల్లబడుతుంది.

లాంప్ ప్రొజెక్టరే దిక్కయితే అద్దం దారి ఒకటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఇదే. పెద్ద లాంప్ ప్రొజెక్టర్లలో చాలావాటిని పక్కకు వాల్చనివ్వరు కానీ ముందుకు వెనక్కు ఎంతైనా వాల్చనిస్తారు, లెన్స్ ఆకాశం వైపు చూసేలా కూడా పెట్టనిస్తారు. అలా పైకి చూసే లెన్స్ మీద 45 డిగ్రీల కోణంలో అద్దం బిగిస్తే కాంతి మలుపు తిరిగి తెర వైపు వెళ్తుంది. ఇప్పుడు ప్రొజెక్టర్‌ను ఉన్నచోటే గుండ్రంగా పావు చుట్టు తిప్పండి. తెర మీద అడ్డం బొమ్మ నిలువు అయిపోతుంది. లాంప్‌కు మాత్రం ఏ తేడా తెలియదు, దాని అడ్డం అడ్డంగానే ఉంది. బొమ్మ ఎడమ కుడి తారుమారై వస్తుంది కాబట్టి మెనూలో రియర్ ప్రొజెక్షన్ (తెర వెనక నుంచి వేసేటప్పుడు బొమ్మను తారుమారు చేసే) ఆప్షన్ పెట్టాలి. అద్దం మాత్రం ఇంట్లో తల దువ్వుకునేది పనికిరాదు. దానికి పూత గాజు వెనక ఉంటుంది, ముందు గాజు కూడా కొంచెం కాంతిని తిప్పికొడుతుంది, ప్రతి గీత పక్కనా నీడ గీత కనిపిస్తుంది. పూత ముందువైపే ఉన్న అద్దం కావాలి. దాన్ని వేలితో ముట్టుకోకూడదు. పైకి చూసే లెన్స్ మీద దుమ్ము పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

రెండో అడ్డు దూరం, ఎత్తు. ఇందులో లాభం ఒక చేత్తో వస్తే నష్టం ఇంకో చేత్తో వస్తుంది.

త్రో రేషియో అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. లెన్స్ 1.5 అయితే అడుగు వెడల్పుకు అడుగున్నర దూరం. తిప్పకుండా 28 అడుగుల చట్రం వేయాలంటే తెర నుంచి 43 అడుగులు వెనక్కు పోవాలి. తిప్పితే ప్రొజెక్టర్ దృష్టిలో 'వెడల్పు' 16 అడుగులే, కాబట్టి 24 అడుగులు చాలు. వెనక నుంచి వేసే రియర్ ప్రొజెక్షన్‌కు ఇది వరం. తెర వెనక 43 అడుగుల ఖాళీ కళాభారతి లాంటి హాల్లో అడిగితే నవ్వుతారు. 24 అడుగులు కూడా కష్టమే. కానీ తిప్పిన ప్రొజెక్టర్‌కు 0.8 లెన్స్ తగిలిస్తే 13 అడుగుల లోపే పని అయిపోతుంది. నర్తకి నీడ అన్న మాటే ఉండదు. అయితే రియర్‌కు వాడే తెర గుడ్డ వేరు, మామూలు తెల్ల గుడ్డ వెనక నుంచి వేస్తే మధ్యలో లెన్స్ వెలుగు చుక్కలా కళ్లలో పడుతుంది.

ముందు నుంచే వేయాల్సి వస్తే లెన్స్ షిఫ్ట్ దగ్గర చిక్కు వస్తుంది. ప్రొజెక్టర్‌ను కదపకుండా బొమ్మను పైకి కిందికి, పక్కలకు జరిపే సౌకర్యం అది. తయారీదారులు నిలువు దిశలో ఎక్కువ, అడ్డం దిశలో తక్కువ ఇస్తారు. ప్రొజెక్టర్ ఎప్పుడూ పైకప్పుకో బల్ల మీదో ఉంటుందని వాళ్ల ఊహ. మన ప్రొజెక్టర్‌కు నిలువుగా 50 శాతం, అడ్డంగా 20 శాతం ఉందనుకుందాం. తెర కింది అంచు వేదిక నుంచి 2 అడుగుల ఎత్తులో, మధ్య బిందువు 10 అడుగుల ఎత్తులో ఉంది. తిప్పకపోతే 16 అడుగుల్లో సగం, అంటే 8 అడుగులు పైకి ఎత్తుకోవచ్చు. లెన్స్ 18 అడుగుల ఎత్తులో హాయిగా ఉంటుంది. తిప్పితే ఆ 50 శాతం పక్కలకు పోయింది. ఎత్తుకు మిగిలింది 20 శాతమే, 16 అడుగుల్లో అది 3 అడుగుల చిల్లర. లెన్స్ 13 అడుగుల దగ్గర ఆగిపోతుంది.

ఎత్తు తగ్గింది కాబట్టి నర్తకి నీడ పెద్దదవుతుందని అందరూ భయపడతారు. లెక్క వేస్తే అలా ఏమీ లేదు. తెరకు 4 అడుగుల ముందు ఐదున్నర అడుగుల మనిషి నిలబడితే, రెండు సందర్భాల్లోనూ నీడ తెర మీద వేదిక నుంచి 4 అడుగుల ఎత్తు దాకానే పడుతుంది. లెన్స్ కిందికి దిగినా దగ్గరికి వచ్చింది కాబట్టి సరికి సరి. అసలు ఇబ్బంది ప్రేక్షకులది. తెరకు 24 అడుగుల దూరంలో, 13 అడుగుల ఎత్తులో, పక్కకు నిలబెట్టిన పెద్ద నల్ల పెట్టె వేలాడుతుంటే బాల్కనీలో కూర్చున్నవాళ్లకు స్తంభం బదులు ప్రొజెక్టర్ వీపు కనిపిస్తుంది. కచేరీ అయితే ముందు వరుసల వాళ్లకు తంబురా కంటే ఫ్యాన్ శ్రుతే బాగా వినిపిస్తుంది. ఆ పెట్టెను వేదిక పక్కకు జరపవచ్చు, ఎందుకంటే తిప్పిన ప్రొజెక్టర్‌కు పక్కల షిఫ్ట్ ఉంది. కానీ 9 అడుగుల్లో సగం, నాలుగున్నర అడుగులే. అంతకు మించితే కీస్టోన్. అంటే ఉన్న పిక్సెళ్లను నలిపి వంకరపోయిన బొమ్మను దీర్ఘచతురస్రం చేసుకోవడం. కాస్త పర్వాలేదు, ఎక్కువ చేస్తే స్తంభం మీది శిల్పం పాకం పట్టినట్టు కనిపిస్తుంది. లెన్స్ షిఫ్ట్ అసలే లేని చవక మోడళ్లు బొమ్మను లెన్స్ కంటే పైకి వేస్తాయి. వాటిని తిప్పితే బొమ్మ మొత్తం ఒక పక్కకు పోతుంది, ప్రొజెక్టర్‌ను తెర మధ్యకు ఎదురుగా పెట్టడమే కుదరదు.

బిగించడం గురించి ఒక్క మాట. పైకప్పు బ్రాకెట్లు అడ్డంగా వేలాడే బరువుకు చేసినవి. పక్కకు తిప్పినప్పుడు బరువు మరలను కోసే దిశలో పడుతుంది. నిలువుగా బిగించడానికే చేసిన పోర్ట్రెయిట్ ఫ్రేమ్ లేకపోతే, సేఫ్టీ వైర్ లేకపోతే, కింద మనుషులుంటే తిప్పకండి. ఇందులో సర్దుకుపోవడం లేదు.

కంప్యూటర్ వైపు గందరగోళం ఇంతకంటే చిన్నది, కానీ షో రోజున ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. ప్రొజెక్టర్ తిరిగిందని దానికే తెలియదు. దానికి ఇప్పటికీ 1920 × 1080 సిగ్నలే కావాలి. అందుకే బొమ్మను ముందే 90 డిగ్రీలు తిప్పి, అడ్డం సిగ్నల్‌లోనే పంపాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఓరియెంటేషన్‌ను పోర్ట్రెయిట్‌గా మారిస్తే ఈ పని అదే చేస్తుంది. తలకిందులుగా వస్తే పోర్ట్రెయిట్ ఫ్లిప్డ్ పెట్టాలి. రిజల్యూమ్ లాంటి షో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అవుట్‌పుట్ దగ్గరే తిప్పుకోవచ్చు. నేనైతే విండోస్‌ను ముట్టుకోకుండా రెండో పద్ధతే ఎంచుకుంటాను. కేబుల్ ఊడి మళ్లీ తగిలిస్తే విండోస్ తన ఇష్టం వచ్చినట్టు మారే అలవాటుంది.

ఫోన్ వీడియోలతో ఇంకో తమాషా. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు ఫైల్ లోపల ఫ్రేములను అడ్డంగానే దాచుకుంటాయి, "దీన్ని 90 డిగ్రీలు తిప్పి చూపించు" అని ఒక చిన్న గుర్తు మాత్రం జత చేస్తాయి. ఫోన్, లాప్‌టాప్ ఆ గుర్తును చదువుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టి ఆడించే కొన్ని ప్లేయర్లు చదవవు. అందుకే ఇంట్లో బాగా కనిపించిన వీడియో హాల్లో పడుకుని వస్తుంది. ముందే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఈ గోల పోతుంది. వీడియో వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని తల్లిదండ్రులకు చెప్పాలి. మామూలుగా పంపితే అది నలిగిపోతుంది, 16 అడుగుల ఎత్తున ఆ నలుగుడు చివరి వరుస దాకా కనిపిస్తుంది.

ఇంతా అయ్యాక ప్రొజెక్టర్ నలుపు గురించి చెప్పకపోతే కథ సగమే. ప్రొజెక్టర్‌కు పూర్తి నలుపు రాదు. నల్ల పట్టీలు అని మనం అనుకున్నవి చీకటి హాల్లో లేత బూడిద రంగు పలకలుగా తేలతాయి. తిప్పకుండా వేస్తే 9 అడుగుల స్తంభానికి రెండు పక్కలా తొమ్మిదిన్నర అడుగుల చొప్పున ఆ బూడిద పలకలు నర్తకుల మీద, పక్క తెరల మీద పడతాయి. లెన్స్ ముందు కొంచెం దూరంగా నల్ల అట్టలు రెండు నిలబెట్టి ఆ పక్కల కాంతిని కోసేయడం పాత పద్ధతి. అంచు మెత్తగా వస్తుంది, అది స్తంభానికి అందమే. అట్ట లెన్స్‌కు తగలకూడదు, వేడెక్కుతుంది. తిప్పి వేసినప్పుడు పక్కల గొడవ పోతుంది కానీ పూర్తి చీకటి కావాల్సిన క్షణంలో 9 × 16 బూడిద దీర్ఘచతురస్రం అక్కడే ఉంటుంది. నల్ల స్లయిడ్ పెడితే చాలదు. ప్రొజెక్టర్‌లో షట్టర్ ఉంటే దాన్ని మూయాలి, లేకపోతే లెన్స్ ముందు అట్ట అడ్డం పెట్టే మనిషిని నియమించాలి.

ఇప్పుడు అసలు తిప్పే అవసరమే లేని సందర్భం. వెనక తెర వేదిక నిండా ఉంటే నిలువు బొమ్మను ఒంటరిగా వేయడమే పొరపాటు ఆలోచన. 28 × 16 చట్రం మొత్తం వాడుకోండి. మధ్యలో స్తంభం, రెండు పక్కలా సభామండపం చీకటి, దూరంగా రెండు దీపాలు. వృథా అవుతుందన్న కాంతి దృశ్యంలో భాగమైపోతుంది, ప్రొజెక్టర్ అడ్డంగానే సుఖంగా కూర్చుంటుంది. గురువుగారి నిలువు ఫొటోకూ అంతే, పక్కన ఆయన పేరు, సంవత్సరాలు, రెండు వరుసల మాట పెట్టే చోటు దొరుకుతుంది. టీవీ చానళ్లు ఫోన్ వీడియోకు రెండు పక్కలా అదే వీడియోను మసకగా పెద్దది చేసి పరుస్తాయే, దాన్ని మాత్రం వేదిక మీదికి తేవద్దు. నర్తకి వెనక ఆ మసక కదులుతుంటే కళ్లు ఎటు పోవాలో తెలియక తిరుగుతాయి.

"ఇదంతా ఎందుకండీ, ఎల్ఈడీ వాల్ పెట్టేద్దాం" అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ల మాటలో న్యాయముంది. అర మీటరు పలకలను పేర్చి ఏ ఆకారమైనా కట్టుకోవచ్చు, త్రో లేదు, నీడ లేదు. ఒక లెక్క మాత్రం చూడండి. 3.9 మిల్లీమీటర్ల పిచ్ (పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య దూరం) ఉన్న అర మీటరు పలకలో ఒక్కో వైపు 128 పిక్సెళ్లు ఉంటాయి. అడ్డంగా 5, నిలువుగా 9 పలకలు కడితే సుమారు మన తెరంత గోడ వస్తుంది, పిక్సెళ్లు 640 × 1152. తిప్పకుండా వేసిన ప్రొజెక్టర్ స్తంభానికి ఇచ్చిన 608 × 1080 కంటే ఇది పెద్ద ఎక్కువేం కాదు. ఎల్ఈడీ గెలిచేది వెలుగులో. సినిమా పాటల డాన్సులకు, అవార్డు ఫంక్షన్లకు ఆ వెలుగు బాగుంటుంది. అభినయానికి మాత్రం ఆ గోడ ముందు ముఖం నల్లబడిపోతుంది, బ్రైట్‌నెస్ బాగా తగ్గించాల్సి వస్తుంది, తగ్గిస్తే రంగులు మెట్లు మెట్లుగా విరగవచ్చు. నృత్యరూపకానికి నా ఓటు ఇప్పటికీ తిప్పిన లేజర్ ప్రొజెక్టర్‌కే.

బీచ్‌లో పరిస్థితి తిరగబడుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో వేదిక వేస్తే 9 × 16 తెర తెరచాప అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలికి దాని మీద 50 కిలోలకు మించిన బలం పడుతుంది. నిలువు తెర కాబట్టి ఆ బలం ఎత్తులో పనిచేసి తెరను మోసే లోహపు చట్రం, అంటే ట్రస్‌ను వెనక్కు తోస్తుంది. చిల్లులున్న మెష్ గుడ్డ వాడితే గాలి కొంత పోతుంది, కాంతీ కొంత పోతుంది, అందుకే ఇక్కడ 5000 ల్యూమెన్స్ చాలవు. ఉప్పు తేమ లెన్స్ మీద పొరలా పడుతుంది, మెత్తని గుడ్డతో తుడిచే పని కార్యక్రమాల జాబితాలో రాసుకోవాలి. డిసెంబరులో విశాఖలో సూర్యుడు సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే అస్తమిస్తాడు, ఆరు గంటల ప్రోగ్రాం పెట్టుకోవచ్చు. కానీ చీకటి పడ్డాక తెరకు బొమ్మను సరిచేసే సమయం అరగంట కూడా మిగలదు. ఆ పని ముందురోజు రాత్రే ముగించి, ట్రస్ కాళ్ల దగ్గర గుర్తులు వేసి, ప్రొజెక్టర్ పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ కప్పి, రాత్రంతా కాపలాకు ఒకరిని పెట్టాలి.